‘ఎలిఫెంట్’ అట్ట మీద ‘కంప్యూటర్లు వాడలేదు’ అని అచ్చు వేయడం నిజాయితీయా, వేషమా?

నాలుగో తీగ

ద వైట్ స్ట్రైప్స్ వారి ‘ఎలిఫెంట్’ ఆల్బమ్‌ను మొన్న వేరొక చర్చలో ఒక సభ్యులు ‘పాత సామాను ప్రదర్శన’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. అక్కడి విషయం పక్కదారి పట్టకూడదని ఇక్కడ విడిగా మొదలుపెడుతున్నాను. ఈ బృందం తెలియనివారి కోసం నాలుగు మాటలు చెప్పి నా వాదనలోకి వస్తాను. 1997లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో జాక్ వైట్, మెగ్ వైట్ అనే ఇద్దరు కలిసి పెట్టుకున్న బృందమిది. ఆయన గిటారు వాయిస్తూ పాడతారు, ఆవిడ డ్రమ్ములు వాయిస్తారు, మంద్ర స్వరాలు పలికే బాస్ గిటారు వాయించేవారు అసలు లేరు. 1960లలో అమెరికా కుర్రాళ్లు ఇంటి కారు షెడ్డులో చేరి మోగించిన మోటు సంగీతాన్ని, అంటే గరాజ్ రాక్‌ను, 2001 ప్రాంతంలో మళ్లీ జనం నోళ్లలోకి తెచ్చిన బృందాలలో ఇది ముఖ్యమైనది. 2003 ఏప్రిల్‌లో వచ్చిన ‘ఎలిఫెంట్’లో అధిక భాగాన్ని అంతకు ఏడాది ముందు లండన్‌లోని హాక్నీ ప్రాంతంలో ఉన్న టో రాగ్ అనే చిన్న స్టూడియోలో, లియమ్ వాట్సన్ అనే ఇంజినీరు దగ్గర, ఎనిమిది ట్రాకుల టేపు మీద, అంటే శబ్దాలను విడివిడిగా పట్టుకునే ఎనిమిది వరసలున్న టేపు మీద, రికార్డు చేశారు. పాట రాయడం మొదలుకొని మాస్టరింగు వరకు, అంటే విడుదలకు ముందు శబ్దానికి చేసే చివరి మెరుగు వరకు, ఎక్కడా కంప్యూటర్లు వాడలేదని అట్ట మీద అచ్చు వేశారు.

నా వాదన ఇది. ఎనిమిది ట్రాకులే ఉన్నప్పుడు డ్రమ్ములకు ఎన్ని, గొంతుకు ఎన్ని, గిటారుకు ఎన్ని అని ముందే తేల్చుకోవాలి. చాలకపోతే రెండు మూడు ట్రాకులను కలిపి ఒకదాని మీదికి ఎక్కించుకోవాలి, ఆ తర్వాత వాటిని విడదీయడం ఎవరి తరమూ కాదు. అంటే వాయించేవారు అక్కడికక్కడ నిర్ణయం తీసుకుని, దానికి కట్టుబడి ఉండాలి. ఆ కట్టుబాటు ఈ ఆల్బమ్‌లో ప్రతి పాటలోనూ వినిపిస్తుంది. దీన్ని నేను పద్ధతి అంటాను. వేషం అనేవారు కారణం చెప్పాలి.

టేపురీలు

ఆ మాట అన్నది నేనే కాబట్టి జవాబు కూడా నేనే చెబుతాను. ఆల్బమ్ మొదలయ్యేదే ‘సెవెన్ నేషన్ ఆర్మీ’ అనే పాటతో కదా, దాన్నే తీసుకుందాం. అందులో అందరూ బాస్ గిటారు అనుకునే శబ్దం బాస్ గిటారుది కాదు. పాత గిటారును డిజిటెక్ వామీ అనే, కాలితో నొక్కే పెడల్ గుండా పంపి, ఒక స్థాయి కిందికి దించి వాయించినది. ఆ పెడల్ మొదటిసారి అంగడిలోకి వచ్చింది 1989లో. అది చేసే పని ఏమిటంటే, గిటారు నుంచి వచ్చిన సంకేతాన్ని అంకెలుగా మార్చి, లెక్క కట్టి, తిరిగి శబ్దంగా బయటికి పంపడం. లెక్కలు కట్టే చిప్పు ఉన్న డబ్బాను కాలి కింద పెట్టుకుని, అట్ట మీద ‘కంప్యూటర్లు వాడలేదు’ అని రాసుకున్నవారిని నిజాయితీపరులు అనడానికి నాకు నోరు రావడం లేదు. 2006లో ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ఇటలీ జనం వీధుల్లో ఊగిపోతూ పాడింది ఈ డిజిటల్ శబ్దాన్నే.

సందేహాల శర్మ

వామీ పెడల్‌ను కంప్యూటరు అనవచ్చునా లేదా అన్నది ముందు తేలాలి. నా దృష్టిలో కాలిక్యులేటరు కూడా కంప్యూటరు కాదు.

నాలుగో తీగ

టేపురీలు గారూ, ఒక్క పెడల్‌ను పట్టుకుని మొత్తం ఆల్బమ్‌ను దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. కంప్యూటర్లు వాడలేదు అన్నప్పుడు వినేవారికి అర్థమయ్యేది ఏమిటి? రికార్డు చేసిన తర్వాత తాళం తప్పిన చోట జరిపి, శ్రుతి తప్పిన చోట సరిచేసి, ఒక చరణాన్ని అతికించి మూడు చరణాలుగా చూపించే పని చేయలేదని అర్థం. పెడల్ అన్నది వాయిద్యంలో భాగం. మెగ్ వైట్ డ్రమ్ములు వినండి. ఆవిడ వేగం ఒక చోట ఒకింత పెరుగుతుంది, ఒక చోట తగ్గుతుంది, గిటారు ఆ వేగం వెంటే నడుస్తుంది. సరళంగా వాయిస్తారని ఆవిడను ఎగతాళి చేసినవారు కోకొల్లలు. నిజానికి ఆవిడ ఆ విధంగా వాయించకపోతే ఈ పాటలకు ఆ బిగువు రాదు. ఏ దెబ్బనూ సరిచేయలేదు కాబట్టే అది మనిషి వాయించినట్టు ఉంది. అట్ట మీద రాసిన మాటకు నేను చూపే ఋజువు ఇదే.

టేపురీలు

టేపు మీద సరిచేయడం కుదరదని మీకు ఎవరు చెప్పారు? నేను మద్రాసులో ఒక చిన్న రికార్డింగ్ థియేటరులో టేపు యంత్రం దగ్గర సహాయకుడిగా చాలా ఏళ్లు పనిచేశాను. ఉదయం అందరికంటే ముందు వచ్చి, దూదికి స్పిరిట్ అద్ది, యంత్రంలో టేపు రాసుకుంటూ పోయే హెడ్లు తుడవడం నా మొదటి పని. ఆ దూది మీద ఇటుకపొడి రంగులో మరక దిగేది. నిన్నటి పాటల టేపు పూత నుంచి రాలిన ఆక్సైడు అది. మరక దిగడం మానేవరకు తుడవాలి, లేకపోతే తాళాల మోత మొద్దుబారిపోతుంది. రెండు టేకులను, అంటే ఒకే పాటను రెండుసార్లు పట్టిన రికార్డింగులను, కలపాలంటే రీలును చేత్తో ముందుకూ వెనక్కూ ఆడిస్తూ, తబలా దెబ్బ ఎక్కడ మొదలవుతుందో చెవితో పట్టుకుని, తెల్ల పెన్సిల్‌తో గుర్తు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, వెనుక నుంచి పట్టీ అంటించేవాళ్లం. ఒక గాయని పల్లవి ఉదయం పాడితే, చరణం సాయంత్రం పాడితే, వినేవారికి అతుకు తెలియకుండా చేసిన చేతులివి. కాబట్టి టేపు అంటే సత్యం, కంప్యూటరు అంటే మోసం అనే పాఠం నాకు చెప్పవద్దు.

మీరు మెచ్చుకుంటున్న కట్టుబాటు మాకు ఎందుకు ఉండేదో కూడా వినండి. 2500 అడుగుల రీలు సెకనుకు 15 అంగుళాల వేగంతో తిరిగితే 33 నిమిషాల్లో అయిపోతుంది. కొత్త రీలు ఖరీదు చూసి యజమాని గుండె పట్టుకునేవాడు. అందుకని పాత రీలు మీదే కొత్త పాట ఎక్కించమనేవాడు. ఒకసారి ఆయన చెప్పిన రీలు మీదే, ఆయన చెప్పినట్టే భక్తి గీతాలు ఎక్కించాను. మరుసటి ఏడు ఆ రీలు మీద ముందున్న పాటల నిర్మాత వచ్చి అసలు టేపు కావాలని అడిగాడు. అప్పుడు యజమాని నా వైపు వేలు చూపించి, నా జీతంలో కోత పెట్టాడు. మీ ఆల్బమ్‌లో వినిపించే కట్టుబాటు మాకు ఆ రూపంలో ఉండేది. మేము ఎప్పుడెప్పుడు వదిలించుకుందామా అనుకున్నదాన్ని ఒకాయన విమానం ఎక్కి లండన్ వెళ్లి, డబ్బిచ్చి కొనుక్కున్నాడు.

కొత్తపేట బీట్

మన దేశంలో కూడా సిమ్లా అనే సిగరెట్టు పేరుతో బీట్ బృందాలకు, అంటే అప్పటి కుర్రాళ్ల గిటారు బృందాలకు, పోటీలు పెట్టి, 1970లోనూ 1971లోనూ వారి పాటలను రికార్డులుగా విడుదల చేశారు. గరాజ్ రాక్ అభిమానులు వాటిని ఇప్పటికీ వెతుకుతుంటారు. ఈ చర్చలో ఆ సంగతి ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది.

మిషిగన్ అత్తయ్య

నేను ఈ బృందం పుట్టిన ఊరికి దగ్గరలోనే చాలా ఏళ్లుగా ఉంటున్నాను కాబట్టి పెడల్ గొడవను పక్కన పెట్టి వేరే సంగతి చెబుతాను. ఈ సంగీతం మొదట ఎవరిదో మీరిద్దరూ అడగలేదు. 1966లో ‘96 టియర్స్’ అనే పాట అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. పాడిన బృందం పేరు క్వశ్చన్ మార్క్ అండ్ ద మిస్టీరియన్స్. వాళ్లు మా రాష్ట్రంలోని సాగినా, బే సిటీ ప్రాంతాల పిల్లలు, పొలం పనుల కోసం వలస వచ్చిన మెక్సికన్ కుటుంబాల పిల్లలు. వాళ్ల రికార్డు మోటుగా ఉందంటే అది వాళ్లు ఎంచుకున్న అందం కాదు, వాళ్ల చేతిలో ఉన్నది అంతే. అంతకు ముందు 1963లో పోర్ట్‌లండ్‌లో కింగ్స్‌మెన్ బృందం ‘లూయీ లూయీ’ రికార్డు చేసినప్పుడు గాయకుడి మాటలు ఎంత అలికినట్టు వచ్చాయంటే, అందులో బూతులున్నాయని ఫిర్యాదులు వెళ్లి, అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఆ రికార్డును రకరకాల వేగాలతో తిప్పి విని, చివరికి ఏమీ అర్థం కావడం లేదని తేల్చింది. ఈ కథ చెప్పినప్పుడల్లా మా ఇంట్లో అందరూ నవ్వుతారు, కానీ దాని వెనుక ఉన్నది చౌక రికార్డింగు, నేర్పు చాలని చిన్న పిల్లలు.

తర్వాత 1986లో మా డెట్రాయిట్‌లోనే గోరీస్ అనే బృందం వచ్చింది. ముగ్గురే మనుషులు, బాస్ గిటారు లేదు, అమెరికా నల్లజాతివారి సంగీతమైన బ్లూస్‌ను విరగ్గొట్టి వాయించేవారు. వారిలో మిక్ కాలిన్స్ నల్లజాతి కళాకారుడు. వైట్ స్ట్రైప్స్ నడిచిన దారి వాళ్లు వేసిందే. పేరూ డబ్బూ వచ్చింది ఎవరికో మీకు తెలుసు. జాక్ వైట్ ఆ ఋణాన్ని దాచలేదు, అది ఒప్పుకోవాలి. 2001లో ఆయనే తన ఇంట్లో డెట్రాయిట్ బృందాలు చాలావాటిని కూర్చోబెట్టి రికార్డు చేసి ఒక సంకలనం తెచ్చాడు, అందులో కాలిన్స్ గారి తర్వాతి బృందం డర్ట్‌బాంబ్స్ కూడా ఉంది. అయినా సరే, నా ఫిర్యాదు ఒకటుంది. 1960లలో మాంట్‌గామరీ వార్డ్ అనే దుకాణం కేటలాగులో అమ్మిన ఎయిర్‌లైన్ గిటారు, సియర్స్ వారు అమ్మిన సిల్వర్‌టోన్ ఆంప్లిఫయరు, ఇవి అప్పట్లో కూలిపని చేసేవాడి కొడుకు కొనుక్కోగలిగిన వస్తువులు. మా అబ్బాయి గిటారు నేర్చుకునే రోజుల్లో ఒక సెకండ్ హ్యాండ్ దుకాణానికి వెళ్తే, అటువంటి పాత గిటారును గాజు బీరువాలో పెట్టి, పక్కన ఈయన బొమ్మ అంటించి, ముట్టుకోలేని ధర చెప్పారు. పేదవాళ్ల వస్తువును పెద్దవాళ్ల వస్తువుగా మార్చింది ఈ గరాజ్ రాక్ పునరుద్ధరణే. దీన్ని పద్ధతి అనాలో వేషం అనాలో మీరే చెప్పండి బాబూ.

వేగుచుక్క

స్వీడన్‌లోని ఫాగెర్‌స్టా నుంచి వచ్చిన హైవ్స్ బృందం నలుపు తెలుపు సూట్లు వేసుకుని, తమ పాటలన్నీ ఎవరికీ కనిపించని రాండీ ఫిట్జ్‌సిమ్మన్స్ అనే ఆయన రాస్తాడని బాహాటంగా చెప్పుకుంటూ వచ్చింది. వేషాన్ని వేషమని తెలిసేటట్టు వేస్తే గొడవే ఉండదు.

నాలుగో తీగ

అత్తయ్య గారూ, మీ మాట మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. మోటుదనం వాళ్లకు గత్యంతరం లేక వచ్చింది, వీళ్లు మాత్రం కోరి తెచ్చుకున్నారు అన్నది చరిత్రకు సగమే సరిపోతుంది. 1958లో లింక్ రే ‘రంబుల్’ కోసం తన ఆంప్లిఫయరు స్పీకరుకు పెన్సిల్‌తో చిల్లులు పొడిచాడు. 1964లో ఇంగ్లండ్‌లో కింక్స్ బృందానికి చెందిన డేవ్ డేవీస్ బ్లేడుతో స్పీకరు కాగితాన్ని చీల్చాడు, ‘యు రియల్లీ గాట్ మీ’లో వినిపించే ఆ బొంగురు గిటారు అలా పుట్టింది. శుభ్రమైన శబ్దం వాళ్ల చేతిలోనే ఉంది, వాళ్లే దాన్ని పాడుచేసుకున్నారు. టకోమా నుంచి వచ్చిన సోనిక్స్ బృందం 1965లో చేసిన రికార్డులు వింటే, శబ్దం జోరు చూపించే సూచీ ఎర్ర గీత దాటిపోతున్నా ఎవరూ తగ్గించలేదని తెలుస్తుంది. అప్పుడు కూడా అది ఎంపికే. అప్పటివాళ్లు ఎంచుకుంటే కళ, ఇప్పటివాళ్లు ఎంచుకుంటే వేషం అనడం ఏ తర్కం?

ఇంకొక మాట. జాక్ వైట్ పదిమంది సంతానంలో చివరివాడు. సంగీతంతో బతుకు గడవకముందు కుర్చీలకూ సోఫాలకూ గుడ్డ కుట్టే పని నేర్చుకుని, ఆ పనికి సొంతంగా చిన్న దుకాణం కూడా పెట్టుకున్నాడు. ఈ మనిషిని విమానం ఎక్కి దరిద్రం కొనుక్కున్న ధనికుడిగా చూపించడం భావ్యం కాదు.

టేపురీలు

సోఫాలు కుట్టిన సంగతి నాకు తెలుసు. అది 2002 నాటి సంగతి కాదు. 2001లో మూడో ఆల్బమ్‌తో ఆయనకు పేరు వచ్చేసింది, పెద్ద కంపెనీలు వెంటపడ్డాయి, ఏ స్టూడియోకైనా వెళ్లగలిగిన స్థితిలో ఉండి టో రాగ్‌కు వెళ్లాడు. నేను మాట్లాడుతున్నది ఆ ఎంపిక గురించే. స్పీకరుకు చిల్లు పొడిచినవాడు దానిని అట్ట మీద సుగుణంగా రాసుకోలేదు. ఈ తేడా మీకు ఎందుకు కనబడదో నాకు అర్థం కాదు. పైగా మీరు ఇప్పటివరకు వామీ పెడల్ గురించి సూటిగా జవాబు చెప్పలేదు. ఆ చిప్పు లెక్క కడుతుందా, కట్టదా?

బాబూ, మీరు చూడని యంత్రం గురించి, మీరు ముట్టుకోని రీలు గురించి, పుస్తకాల్లో చదివి నాకు పాఠం చెబుతున్నారు. టేపు వాసన ఎలా ఉంటుందో తెలియనివారికి దాని మీద ఇంత ప్రేమ ఎలా పుట్టుకొచ్చిందో మాత్రం చెప్పండి.

నాలుగో తీగ

మాస్టారూ, ఇప్పుడు మీరు అసలు సంగతికి వచ్చారు. టేపు ముట్టుకోనివాడికి మాట్లాడే హక్కు లేదు, అంతే కదా? ఈ మాట నేను సంగీతం మొదలుపెట్టిన రోజు నుంచి వింటూనే ఉన్నాను. నేనూ మా స్నేహితుడూ ఇద్దరమే, గిటారు ఒకరు, డ్రమ్ములు ఒకరు. మూడో మనిషి దొరకక కాదు, ఇద్దరం వాయిస్తే మధ్యలో మిగిలే ఖాళీ మాకు నచ్చింది. ఒక కాలేజీ ఉత్సవంలో మాకు అవకాశం ఇచ్చినట్టే ఇచ్చి, సౌండ్ చెక్ దగ్గర నిర్వాహకుల్లో పెద్దాయన ఒకరు ‘బాస్ లేకుండా బ్యాండ్ ఏమిటి, మీకు మనుషులు దొరకకపోతే లాప్‌టాప్‌లో ట్రాక్ వేసుకుని దాని మీద వాయించండి, లేకపోతే దిగండి’ అన్నారు. దిగిపోయాం. మా వెనుక వచ్చినవాళ్లు లాప్‌టాప్ మీద వాయించి బహుమతి తీసుకున్నారు. అప్పటి నుంచి నాకు ఆ అట్ట మీది మాట ఒక ధైర్యం. ఇద్దరు చాలు, తక్కువ చాలు, సరిచేయకపోయినా చాలు అని ఒకరు అచ్చు వేసి చెప్పారు. మీకు అది మీ కష్టాన్ని వెక్కిరించినట్టు కనిపిస్తే నేనేం చేయను? మీ యజమాని మీ జీతం కోసినందుకు డెట్రాయిట్ మనిషి సంజాయిషీ చెప్పుకోవాలా?

టేపురీలు

నా జీతం కోత గురించి వెటకారం చేయడానికి మీకు ఏ అర్హత ఉంది? బహుమతి రాని బాధను సిద్ధాంతంగా మార్చుకుని నా మీద పడుతున్నారు.

నిర్వాహకులు

సభ్యులిద్దరూ వ్యక్తిగత విషయాలను వదిలి చర్చాంశం మీద మాట్లాడగలరు. మరొకసారి ఇలా జరిగితే చర్చను మూసివేస్తాం.

సందేహాల శర్మ

చర్చను మూసే ముందు పెడల్ సంగతి తేల్చాలని మనవి.

కోరస్ పద్మ

నేను చాలా కాలం కోరస్ పాడాను కాబట్టి ఒక మాట చెప్పి వెళ్తాను. క్యాసెట్ అట్ట మీద గాయకుల పేర్లు ఉండేవి, సంగీత దర్శకుడి పేరు పెద్ద అక్షరాల్లో ఉండేది. మా పేర్లు ఎప్పుడూ రాలేదు, టేపు యంత్రం దగ్గర కూర్చున్నవారి పేర్లూ రాలేదు. టేపురీలు గారికి కోపం తెప్పిస్తున్నది పెడల్ కాదని నా అనుమానం.

మిషిగన్ అత్తయ్య

పద్మ గారు సరైన చోట వేలు పెట్టారు. టేపురీలు గారూ, మీరు ఇంత సేపు దాటవేసిన సంగతి ఒకటుంది. ఈ ఆల్బమ్ వచ్చిన తర్వాత లియమ్ వాట్సన్ పేరు ప్రపంచానికి తెలిసింది. తెల్ల కోటు వేసుకుని పాత యంత్రాల మధ్య నిలబడిన ఆయన ఫోటోలు పత్రికల్లో వచ్చాయి. హాక్నీ సందులో ఉన్న ఆ గదిలో రికార్డు చేయాలని ఎక్కడెక్కడి నుంచో బృందాలు వచ్చాయి. అంటే మీరు వేషమంటున్న ఈ ఆల్బమ్ వల్లనే యంత్రం దగ్గర కూర్చునే మనిషికి గుర్తింపు దక్కింది. మీ కాలంలో మీకు దక్కనిది అదే కదా? మీ కోపం ఆ బృందం మీదా, మీ థియేటరు యజమాని మీదా?

టేపురీలు

అత్తయ్య గారూ, ఇది మర్యాదగా అడిగిన ప్రశ్న కాబట్టి నెమ్మదిగా జవాబు చెబుతాను. వాట్సన్ గారి మీద నాకు గౌరవమే ఉంది. ఆయన పని ఎలాంటిదో ఈ చర్చలో అందరికంటే నాకే బాగా తెలుసు. ఎనిమిది ట్రాకుల్లో డ్రమ్ములను అంత దగ్గరగా, అంత పొడిగా కూర్చోబెట్టాలంటే మైకును ఎక్కడ పెట్టాలో తెలిసిన చెవి ఉండాలి. నాకు గిట్టనిది ఆ ఒక్క వాక్యం. ‘ఫలానా మనిషి ఈ టేపు కోశాడు, ఫలానా మనిషి ఈ మైకు జరిపాడు’ అని మొదటి మాటగా చెబితే సంతోషించేవాణ్ణి. వాళ్లు గొప్పగా చెప్పుకున్నది ఏ యంత్రం లేదో దాని గురించి. అది చదివినవారు టేపు తనంతట తానే నిజం చెబుతుందనుకుంటారు, నాలుగో తీగ గారు అనుకున్నట్టే. టేపు ఏమీ చెప్పదు. హెడ్డు తుడిచినవాడు సరిగ్గా తుడిస్తే చెబుతుంది. కంప్యూటరు వచ్చిన తర్వాత మా థియేటరులో నన్ను తీసేసినప్పుడు యజమాని అన్న మాట, ఇక ఈ పనికి మనిషి అక్కర్లేదని. ఇప్పుడు ఈ పునరుద్ధరణవాళ్లు వచ్చి కంప్యూటరు అక్కర్లేదంటున్నారు. ఇద్దరి మాటల్లోనూ యంత్రమే ఉంది. మధ్యలో ఉన్న మనిషి ఎవరికీ కనబడడు.

నాలుగో తీగ

ఇది మీరు మొదటే చెప్పి ఉంటే పెడల్ మీద ఇంత సేపు కొట్టుకునేవాళ్లం కాదు. అయినా మీతో నాకు విభేదం మిగిలే ఉంది, అది ఎక్కడో ఇప్పుడు స్పష్టంగా కనబడుతోంది. మీకు కావలసింది పనివాడికి గౌరవం. నాకు కావలసింది పరిమితిని ఎంచుకునే స్వేచ్ఛ, ఆ స్వేచ్ఛకు ముందుగా కష్టాల చిట్టా చూపించాల్సిన అవసరం లేకపోవడం. ఒక్క పూటే వంట చేసుకునే ఇంట్లో పుట్టినవాడే ఉపవాసం ఉండాలి, కడుపు నిండినవాడు ఉంటే అది నటన అంటే, ఇక ఎవరికీ ఏ నియమమూ మిగలదు. జాక్ వైట్ పాత గిటారు తీసుకుని దానితో కుస్తీ పడతానని, అది శ్రుతిలో నిలవకపోయినా దాన్నే వాయిస్తానని ఎన్నోసార్లు చెప్పాడు. అది మీకు పేదరికపు నటనగా వినిపిస్తుంది. నాకు అది చేతి పని. ఆ కుస్తీ వల్లే ‘బాల్ అండ్ బిస్కెట్’లో గిటారు అలా అరుస్తుంది. ఏడు నిమిషాలు దాటిన ఆ పాటలో ఉన్నది మూడు కార్డుల, అంటే మూడు స్వరగుచ్ఛాల, బ్లూస్ వరస మాత్రమే, ఎక్కడా విసుగు పుట్టదు. అట్ట మీద ఏమి రాసినా, రాయకపోయినా ఆ పాట అలాగే ఉంటుంది. దాన్ని వేషమని మీరు అనలేదు, అనలేరు కూడా.

టేపురీలు

‘బాల్ అండ్ బిస్కెట్’ను నేను ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆ పాటను నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. గిటారు విరుచుకుపడే ముందు గదిలో వినిపించే ఆ చిన్న నిశ్శబ్దం టేపుదే, అందులో సందేహం లేదు. పాట బాగుండటం వేరు, అమ్మకానికి పెట్టిన మాట వేరు. నియమాన్ని ఎంచుకున్నవారు ఎంచుకున్నామని చెప్పుకుంటే చాలు. దాన్ని శుద్ధి అన్నప్పుడు మాత్రం, గత్యంతరం లేక అదే పని చేసినవాళ్లందరి తరఫున నేను అడ్డం వస్తాను.

మిషిగన్ అత్తయ్య

మీరిద్దరూ గౌరవం, స్వేచ్ఛ అనే రెండు మాటల దగ్గర ఆగిపోయారు. అట్ట మీద పేరు రావడం వల్ల అన్నీ సర్దుకుంటాయని కూడా అనుకోకండి. ‘96 టియర్స్’ పిల్లల పేరు రికార్డు మీద ఉంది, పాట దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. అయితే వాళ్లు పాడిన ఆ అసలు రికార్డింగు వాళ్లది కాలేదు. దాన్ని విడుదల చేసిన కంపెనీ చేతులు మారి ఆలెన్ క్లైన్ అనే వ్యాపారి చేతిలోకి వెళ్లింది, ఆ కంపెనీ పాటలు సీడీ రూపంలో దుకాణానికి రావడానికి 2005 వరకు పట్టింది. ఈలోపు ఆ బృందం తమ పాటలను తామే మళ్లీ రికార్డు చేసి అమ్ముకోవలసి వచ్చింది. 1966లో తమకు గత్యంతరం లేక వచ్చిన మోటు శబ్దాన్ని, పెద్దవాళ్లయ్యాక అచ్చం అలాగే రావాలని కూర్చుని వాయించారు. టేపురీలు గారి లెక్కలో అది వేషమవుతుందా? నాలుగో తీగ గారి లెక్కలో అది స్వేచ్ఛ అవుతుందా? నాకు మాత్రం అది బాకీ వసూలు.